ఆరని వల

మా బావ ముత్యాలయ్య చెడ్డవాడని నేను ఎవరి దగ్గరా అనలేదు. నైలాన్ వల వచ్చిన ఆ ఏడాది మాత్రం మనసులో రోజుకు పదిసార్లు అనుకున్నాను. అనుకుని ఊరుకుని ఉంటే బాగుండేది. ఒక పాడుపని కూడా చేశాను, అదీ చెబుతాను.

మాది మైపాడు పక్కన పట్టపుపాలెం. నేనూ బావా ఒకే తెప్ప మీద వేటకు పోయేవాళ్లం. అంతకుముందు పాలెంలో అందరివీ నూలు వలలే. నూలును ఉప్పునీళ్లలో ఊరికే నానబెడితే కుళ్లిపోతుంది. అందుకని ప్రతి ఎనిమిదో రోజున పెద్ద రాగి బానలో తుమ్మబెరడు ఉడికించి, ఆ ఎర్రటి నీళ్లలో వలను ముంచి, తాటిగుంజల మీద ఆరేసేవాళ్లం. ఆరడానికి రెండు రోజులు పట్టేది. ఆ రెండు రోజులూ సముద్రం మొహం చూసే పని లేదు. తలంట్లు, నిద్రలు, పెళ్లాలతో తగాదాలు, అవి తీరాక ఇందుకూరుపేట దాకా నడిచిపోయి చుట్టలు కొనుక్కురావడం, అన్నీ అప్పుడే. వాటిని సెలవులని మేం ఎన్నడూ అనుకోలేదు. వల ఆరుతోంది, అంతే.

అరవైమూడులో బావ నైలాన్ వల తెచ్చాడు. పాలెంలో అదే మొదటిది. దానికి బెరడు అక్కర్లేదు, ఎండ అక్కర్లేదు. దులిపి వేలాడేస్తే చుట్ట కాల్చేలోపు ఆరిపోతుంది. ఎనిమిదో రోజున నేను అలవాటుకొద్దీ తలకు నూనె పెట్టుకుని కూర్చుంటే, బావ తెడ్డు భుజాన వేసుకుని వచ్చాడు.

"ఏందిరా చిన్నపోలయ్యా, పెళ్లికొడుకు మాదిరి కూచున్నావు? లెయ్యి."

"వల ఆరేసే రోజు గదా బావా."

"దానికి ఆరేదేముండాది? వల బాగుండాది. మనకేం రోగం?"

నిజమే కదా అనిపించింది. తాతల కాలం నుంచీ ఎప్పుడు ఆగాలో మాకు వలే చెప్పేది. అది చెప్పడం మానేసినప్పుడు మాకు మేమే చెప్పుకోవాలని ఎవరికీ తట్టలేదు.

మూడు నెలలు ఒక్కరోజు కూడా విడవకుండా పోయాం. మొదట్లో బాగానే ఉంది. బావ భార్య గురవమ్మ, అంటే మా అక్క, గంప మీద గంప మోసుకుపోయి అమ్ముకొచ్చేది. తర్వాత బావకు అన్నం సయించడం మానేసింది. నిద్రలో కూడా రెండు చేతులూ వల లాగుతున్నాయని అక్క చెప్పింది. ఒకరోజు పులుసులో ఉప్పెక్కువైందని చట్టి ఎత్తి గోడకేసి కొట్టాడు. నాకూ ఒళ్లు హూనమైపోయింది. కానీ సోమరిపోతు అనిపించుకోవడం ఇష్టంలేక నోరు మూసుకున్నాను. చివరికి ఒక సాయంత్రం ఒడ్డుకు రాగానే, "రేపొక్కరోజు ఉందాం బావా" అన్నాను. చెంప పేలిపోయింది. ఇద్దరు బిడ్డల తండ్రిని నేను. పాలెమంతా చూసింది.

తెప్పంటే నాలుగు దుంగలు. ఒడ్డుకు రాగానే కట్లు విప్పి దుంగల్ని ఆరబెడతాం, మరునాడు మళ్లీ కడతాం. ముందు కట్టు ఎప్పుడూ బావదే. ఆ ముడి నాకు నేర్పిందీ ఆయనే. మరునాడు తెల్లవారి కడుతూ ఆయన తాడు ఒక చుట్టు తక్కువ వేసి, ముడి బిగించకుండానే లేచాడు.

నేను చూశాను. చెప్పలేదు. చెంప ఇంకా మండుతోంది. పోతే పోనీ, ఆయనకే తెలిసొస్తుంది అనుకున్నాను. ఆ తెప్ప మీద నేను కూడా ఎక్కుతున్నానన్న ఇంగితం లేకపోయింది, అదీ నా తెలివి.

మూడో అల దగ్గర ముందు కట్టు ఊడింది. దుంగలు విచ్చుకున్నాయి. బావ వాటి మధ్యకు జారాడు. అవి మళ్లీ దగ్గరకొచ్చి ఆయన పక్కటెముకలను నొక్కేశాయి. జుట్టు దొరకబుచ్చుకుని లాగాను. ఎలా ఒడ్డున పడ్డామో నాకు తెలియదు. ఇసుకలో బోర్లాపడి నీళ్లు కక్కుతూ ఆయన అడిగిన మొదటి మాట, "వల ఉండాదా?"

ఉంది. దుంగకు చుట్టుకుని, చెక్కుచెదరకుండా ఉంది.

ఆ సాయంత్రం అక్క దగ్గర ఏడ్చేశాను. "ముడి చూసి గూడా నోరు మెదపలేదక్కా" అన్నాను. కొడుతుందనుకున్నాను. ఆమె నా మొహం చూసి, "నువ్వు గూడా ఆయన మాదిరే అయిపోయినావురా" అంది. కొట్టి ఉంటేనే నయం.

మరునాడు బావ నడుముకు గుడ్డ బిగించుకుని తెడ్డు అందుకోబోయాడు. వాకిట్లో మూడు నెలలుగా వాడని రాగి బాన కింద మంట. అక్క నైలాన్ వలను బెరడు నీళ్లలో ముంచుతోంది.

"నైలానుకు బెరడు పట్టదే పిచ్చిదానా!"

"పడతాదో లేదో చూస్తా."

పక్కింటి ముసలమ్మ పడీపడీ నవ్వింది. వల ఎంత తెల్లగా మునిగిందో అంత తెల్లగానే పైకి వచ్చింది. అక్క దాన్ని గుంజల మీద ఆరేసి, "వల ఆరిందాకా తెప్ప కదిలేది లే. మీ అమ్మ చెప్పిన మాటే ఇది, నేను పుట్టించింది గాదు" అంది.

"చుట్ట కాల్చేలోపు ఆరిపోతాది, చూడు" అని బావ గోడ నీడలో కూర్చున్నాడు. చుట్ట సగం కాలకముందే ఒరిగిపోయాడు. గురక మొదలైంది.

వల ఆరిపోయింది. అక్క చెలమ నుంచి బిందెడు నీళ్లు తెచ్చి దాని మీద పోసింది. మళ్లీ ఆరింది, మళ్లీ పోసింది. మూడోసారి నేను లేచి బిందె తీసుకున్నాను. "నువ్వు కూచోక్కా." పొద్దు వాలేదాకా ఎన్ని బిందెలు మోశానో లెక్కలేదు.

బావ లేచి తూలుతూ వచ్చి వలను పట్టుకుని చూశాడు. నీళ్లు కారుతున్నాయి. నా చేతిలో బిందె చూశాడు. ఇక దాచలేకపోయాను.

"నిన్న ముడి సరిగా పడలేదు. నేను చూసినా బావా. చెప్పలేదు."

ఆయన కోప్పడలేదు. వలను వదిలేసి తన అరచేతుల వంక చూసుకున్నాడు.

"నేను గూడా చూసినా" అన్నాడు. "బిగిద్దామంటే ఓపిక లేకపాయెరా."

తర్వాత ఆయన వలను ఇంకోసారి తాకి, "ఇంకా ఆరలేదే" అని గొణుక్కుంటూ పోయి మళ్లీ పడుకున్నాడు.

నేను చెలమ దగ్గరికి వెళ్లి ఇంకో బిందె ముంచాను.