నర్సుల సెక్షన్లో రెండో కుర్చీ

"పొరకీ పొరకీ మధ్య అరటాకు వెయ్యి, విరగకుండా. మీ ఆఫీసరుగారికి" అని పూతరేకుల డబ్బా మీనాకుమారి ముందు పెట్టి జోగేశ్వరరావు పేపరు తెరిచాడు. ఆత్రేయపురం మనిషిని పంపి మరీ తెప్పించాడట. ఆమె డబ్బా సర్ది, అత్తగారికి వేణ్ణీళ్ళు తోడి, మగపిల్లలిద్దరికీ కారియర్లు కట్టి, తన అన్నం నిలబడే తిని చూసేసరికి మొగుడు డబ్బాతో సహా వెళ్ళిపోయాడు.

ఎందుకు వెళ్ళాడో ఆమెకు తెలుసు. పొదుపు పేరుతో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. రాజమండ్రి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో నర్సుల పేర్లు రాసుకుని ఆస్పత్రులకు పంపే సెక్షనుకు ఇద్దరు గుమాస్తాలు. ఇకమీదట ఒక్కరే. రెండో మనిషిని విశాఖపట్నం వేస్తారు. రూలు ప్రకారమైతే వెనక చేరిన మీనాకుమారే కదలాలి. కానీ ఇంట్లోనూ ఆఫీసులోనూ అందరూ కలిసి, ముందు చేరిన రూతును కదిలించేశారు. "ఆవిడకేంటే, ఒంటి మనిషి. ఎక్కడైనా ఇంత ఉడకేసుకు తింటుంది. నువ్వెళ్తే ఈ వయసులో నన్ను గరిట పట్టమంటావా?" అంది అత్తగారు అన్నపూర్ణమ్మ, ప్రశ్నా తీర్పూ ఒకేసారి.

రూతంటే మీనాకుమారికి కుళ్ళు. మర్యాదకి ఇంకో మాట వాడొచ్చు గానీ అది కుళ్ళే. పెళ్ళి చేసుకోలేదు, లూథరన్ చర్చి వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకుంది. పొద్దున్నే ఎవరికీ కాఫీ కలపదు. కొంగుకి పసుపు మరక లేకుండా ఆఫీసుకొస్తుంది. టీ వస్తే కుర్చీలో వెనక్కి వాలి, అడుగు చుక్క దాకా తాగుతుంది. అలా తాగుతుంటే మీనాకుమారికి ఒళ్ళు మండిపోయేది. ఓసారి మాటవరసకి "ఆదివారం ఏం చేశారండీ?" అని అడిగితే, "చర్చి నుంచొచ్చి పడుకున్నానండీ, దీపాలు పెట్టేదాకా" అంది రూతు. ఆ నిద్రని మీనాకుమారి వారమంతా తలుచుకుని తలుచుకుని ఏడ్చుకుంది. పైగా కోనసీమ నుంచి రేవు దాటి వచ్చే నర్సు పిల్లలంతా రూతు బల్ల చుట్టూనే "అక్కా, అక్కా" అంటూ మూగేవారు. ఈమెను మేడమ్ అనేవారు.

ఆవేళ వరండా నిండా వాళ్ళే. ఒక్క గుమాస్తా అయితే తమ కార్డులు ఎప్పటికి కదులుతాయోనని భయం. వాళ్ళకి సర్దిచెప్పి వచ్చి కూర్చున్న రూతు మధ్యాహ్నం కారియర్ విప్పలేదు.

"మా వీధి, చర్చిలో నాతో పాడేవాళ్ళు, ఈ పిల్లలు. నాకున్నదంతా ఇదేనండీ. ఒంటి మనిషికి ఊరే కదా సంసారం. అది ఎవరి కంటికీ ఆనదు" అంది.

మీనాకుమారికి జాలి వెయ్యాలి. వేసింది కూడా, కాస్త. కానీ ఆ జాలిని తోసుకుంటూ విశాఖపట్నంలో ఒక గది కళ్ళముందుకొచ్చింది. ఒక మంచం, ఒక కిరసనాయిలు స్టౌ, ఒకే ఒక్క గ్లాసు. ఆ గదిలోకి కూడా రూతే వెళ్తుంది, అక్కడ కూడా వెనక్కి వాలి టీ తాగుతుంది. రూలు ప్రకారం తనకి రావాల్సిన గదిని తన మొగుడు పూతరేకులిచ్చి మరీ ఆవిడకి కట్టబెట్టాడు. ఆ తలంపుకి ఆమెకి ఏడుపొచ్చినంత పనయింది.

అప్పుడే ఆఫీసరు జగన్నాథరావు పిలిచాడు.

"కంగారుపడకమ్మా. పొద్దున్న మీవారు ఇంటికొచ్చారు, మాట్లాడుకున్నాం. రూతుగారిని పంపిస్తున్నాను."

"నన్నెవరూ అడగలేదండి."

"నిన్నడిగేదేముందమ్మా, సంసారివి."

"వెనక చేరింది నేనండి. రూలు ప్రకారం నన్నే వెయ్యండి. వీల్లేదంటే పైకి రాసుకుంటాను."

ఆయన కళ్ళజోడు తీసి ఆమెను కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. "పిల్లలో?"

"వాళ్ళ నాన్నగారున్నారండి. నాయనమ్మగారున్నారు. సెలవులకి నేనొస్తుంటాను."

"మరి మీవారికి నేనేం చెప్పను? మావాళ్ళు అప్పుడే సగం డబ్బా ఖాళీ చేశారు కూడాను" అన్నాడు, నిజంగానే ఇబ్బంది పడిపోతూ.

"నేను చెప్పుకుంటానండి" అంది మీనాకుమారి. చెప్పడం ఎంత కష్టమో ఆమెకు తెలుసు. ఇంట్లో రేగబోయే గొడవంతా అక్కడే నిలబడి ఒకసారి వినేసింది. పిల్లల మొహాలు గుర్తొచ్చాయి. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

గదిలో మాటలు వరండాలోకి వినబడనే వినబడ్డాయి. బయటికి రాగానే రూతు ఆమె రెండు చేతులూ పట్టుకుంది. కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. నర్సు పిల్లలు కూడా మొదటిసారి ఈమె చుట్టూ చేరారు.

"నాకోసం మీ ఇల్లు వదిలేసి వెళ్తారా మీనాగారూ? తోడబుట్టినవాళ్ళు కూడా ఇంత చెయ్యరండీ."

ఆ మంచిపేరు అలా ఉంచేసుకోవచ్చు. మీనాకుమారి చేతులు విడిపించుకుంది.

"మీకోసం కాదు రూతుగారూ. మీమీద కుళ్ళుతో వెళ్తున్నాను."