వెనక గేటు గురించి బాబాయి అభిప్రాయం

మధ్యాహ్నం పన్నెండున్నరకి పంపుహౌసులో క్యారేజీ విప్పుకుని, ఎడమచేత్తో ఫోను తెరిచిన బాబాయికి ముద్ద గొంతులోనే ఆగిపోయింది.

పేజీలో ప్రశ్నలు లేవు. జవాబులు మాత్రం ఉన్నాయి. అన్నీ తనవే.

"ఆరింటికి, రెండింటికి, పదింటికి" అని ఒకటి. దాని కింద "గొలుసుంది గానీ తాళం తుప్పుపట్టి ఊడిపోయింది నాయనా, ఊరికే చుట్టి పెడతారు" అని ఒకటి. ఆ కింద "ఆరు సిలిండర్లు, ఒక్కోటి మనిషంత పొడుగు" అని ఇంకోటి. అడిగినవాడు లేడు. వాడి పేరు పక్కనుండే గుడ్లగూబ బొమ్మ లేదు. పేరు వెతికితే అలాంటి సభ్యుడే లేడని వస్తోంది. ఎవరూ అడక్కుండానే తనే నడిబజార్లో నిలబడి ఇంటి గుట్టంతా దండోరా వేసినట్టుంది చూడబోతే.

ఇదంతా ఎక్కణ్ణుంచి మొదలైందో చెప్పాలి. బాబాయి ఊరికి నీళ్లిచ్చే పంపుల దగ్గర ముప్పై ఏళ్లుగా ఆపరేటరు. పోయిన ఏడు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుని ఆరు వారాలు ఇంట్లో కూలబడ్డాడు. గోడలు చూసి చూసి విసుగెత్తి, కంప్యూటర్లో ఒక యుద్ధం ఆట మొదలెట్టాడు. పేరు 'ఒంటరి దళం'. ఒకే ఒక్క సైనికుడు. వాడి ముందు దేశమంత మైదానం, అడవులు, నదులు, శత్రువుల శిబిరాలు. ఎటైనా పోవచ్చు, ఏ గేటైనా దూకొచ్చు. కాలు కదపలేని మనిషికి అంతకన్నా ఏం కావాలి? కట్టు విప్పేశాక కూడా ఆట వదల్లేదు.

ఆట కంటే ఆయనకి బాగా నచ్చింది ఆడేవాళ్లు అభిప్రాయాలు రాసే పేజీ. ఒకడు అడవి బాగుంది, ఊళ్లు మాత్రం బోసిగా ఉన్నాయంటాడు. ఇంకొకడు తూటా తగిలినా శత్రువు తుమ్మినట్టు కూడా చెయ్యడని గోల. జీపు కొండెక్కుతుంది గానీ గుంతలో పడితే ఇక లేవదని మరొకడి ఏడుపు. చదువు తొమ్మిదో తరగతితో ఆగినా, బాబాయికి రాయడమంటే మహా సరదా. వాళ్లు రెండు ముక్కలు రాస్తే ఈయన రెండు పేజీలు రాసేవాడు. కుర్రాళ్లంతా 'పంపు బాబాయ్' అని పిలిచేవాళ్లు. నీళ్ల ట్యాంకు ఎలా ఉండాలో ఆట చేసినవాళ్లకి తెలియాలని తమ నీలం ట్యాంకుని ఊరి పేరున్న బోర్డుతో సహా ఫొటో తీసి పెట్టాడు కూడాను.

ఆయనకి ఆటలో నచ్చనిది ఒక్కటే. కాపలావాళ్లు. అదే రాశాడు. ఈ కాపలావాళ్లు గడియారం ముళ్లలా తిరుగుతారు, ఇది అబద్ధం, ముప్పై ఏళ్లుగా వాళ్ల పక్కనే పని చేస్తున్నాను, నన్నడగండి అన్నాడు. కాపలా మారేటప్పుడు రెండోవాడు వచ్చి నిలబడేదాకా మొదటివాడు కదలకూడదని రూలు. కానీ సంతకాల పుస్తకం ముందు గేటు దగ్గరుంటుంది. టైమవగానే దిగేవాడు అక్కడికి పోతాడు, ఎక్కేవాడు అక్కడే కలుస్తాడు, నాలుగు కబుర్లవుతాయి. ఆ పది నిమిషాలు వెనక గేటు గాలికి వదిలేసినట్టే. ఆటలో ఇది పెడితే ఎంత సహజంగా ఉంటుందో ఆలోచించండి, అని ముగించాడు.

ఆ అభిప్రాయానికి వచ్చినన్ని మెచ్చుకోళ్లు ఆయన పెళ్లినాడు కూడా రాలేదు. ఆ మెచ్చుకోళ్లలోనే గుడ్లగూబ బొమ్మవాడు వచ్చాడు. ఎంత మర్యాదో. మీలాంటి అనుభవజ్ఞులు చెబితేనే మాకు తెలుస్తుంది బాబాయ్ గారూ, అంటూ వారం రోజులు రోజుకొక ప్రశ్న. కాపలావాళ్లు ఏ వేళకి మారతారు? తాళం ఎలాంటిది? లోపల ఏముంటుంది? ఆటలో పెట్టించడానికే అడుగుతున్నాడనుకుని ఈయన రోజుకొక జవాబు. ఆ సిలిండర్లలో ఉండేది నీళ్లలో కలిపే క్లోరిన్ అనీ, ఒక్క సిలిండరు గొంతు విరిగినా గాలి ఎటు వీస్తే అటు వీధులన్నీ ఖాళీ చెయ్యాల్సిందేననీ, అది కూడా సంబరంగా రాశాడు.

ఇప్పుడు క్యారేజీ మూత పెట్టేశాడు. చేతులు కడుక్కున్నాడు.

రెండింటికి పదిహేను నిమిషాల ముందే చేతికందిన పెద్ద రెంచి పట్టుకుని వెనక గేటు దగ్గరికి నడిచాడు. పొద్దుటి కాపలావాడు రెండు కొట్టగానే చెయ్యూపి ముందు గేటుకి వెళ్లిపోయాడు. అచ్చం తను రాసినట్టే. అంతకుముందు ఆ పది నిమిషాలు ఆయనకి నవ్వుకునే సంగతి. ఇవాళ పదేళ్లలా గడిచాయి. అవతల వీధిలో సైకిలు బెల్లు మోగితే ఊచల దాకా వెళ్లి చూశాడు. గోడమీంచి పిల్లి దూకితే రెంచి ఎత్తాడు.

రెండూ పదికి బావమరిది ఈలవేసుకుంటూ వచ్చాడు. మధ్యాహ్నం కాపలా అతనిదే. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు, మాటకారి. ఆ ఉద్యోగం ఇప్పించింది కూడా బాబాయే.

"ఏం బావా, ఆటలోంచి లేచొచ్చావా? ఆ రెంచి ఎవరి నెత్తికి?"

బాబాయి ఫోను చేతికిచ్చాడు. బావమరిది చదివాడు. మొదట పెదాలు కదిలాయి, తర్వాత అవీ ఆగాయి. గేటు వదిలి కబుర్లు చెప్పుకుంటున్నామని ఊరందరికీ రాసి పెట్టావా అని మెల్లగా అడిగాడు. వెంటనే చెరిపెయ్యమన్నాడు. చెరిపేసి నోరు మూసుకుని కూర్చోమన్నాడు. పైవాళ్లకి తెలిస్తే దొంగ ఎవడో గానీ ముందు తెగేది తన మెడేనన్నాడు.

బాబాయి అక్కడే నిలబడి చెరిపేశాడు. అమ్మయ్య అనుకున్నాడు పిచ్చి మహానుభావుడు.

ఇంటికెళ్లి చూస్తే చెరిపింది ఒక చోట, మొలిచింది పది చోట్ల. 'ఈ ఆట మీద ఇప్పటిదాకా వచ్చిన గొప్ప అభిప్రాయం' అని ఎవరో ఎప్పుడో తీసి దాచుకున్నారు. ఒక కుర్రాడైతే గొంతు గంభీరంగా పెట్టి, వెనక డప్పుల మోత పెట్టి, మొత్తం చదివి వీడియో చేశాడు. నలభై వేలమంది చూశారు. పది నిమిషాలు వెనక గేటు గాలికి, అన్నచోట వాడు కాసేపు ఆగి మరీ చదివాడు.

భార్యకి చెప్పక తప్పలేదు. ఆవిడ తమ్ముడి ఇద్దరు పిల్లల గురించీ, మరదలి మందుల గురించీ చెప్పింది, ఆయనకి తెలియనివన్నట్టు. చివరికి ఒక్కమాట అంది.

"నీ సరదాకి వాడి కడుపు కొట్టకు."

మర్నాడు మళ్లీ రెండు. బావమరిది ఈలోగా ఒక ఉపాయం చెప్పాడు. పుస్తకంలో సంతకం పెట్టకుండా తను రాలేడు గనుక ఆ కాసేపు బావే గేటు దగ్గర ఉండాలి, రోజూ. ఎన్నాళ్లని అడిగితే జనం ఆ ఆట మర్చిపోయేదాకా అన్నాడు. బాబాయి మళ్లీ రెంచి పట్టుకుని పాత పైపుల గుట్ట పక్కన నీడలో నిలబడ్డాడు. పొద్దుటివాడు వెళ్లిపోయాడు. రెండు దాటి మూడు నిమిషాలయింది.

తెల్ల వ్యాను ఒకటి వచ్చి గోడవారన ఆగింది. ఇంజను ఆపలేదు. టోపీ పెట్టుకున్న మనిషొకడు దిగాడు, చేతిలో సామాన్ల సంచి. అటూ ఇటూ చూడలేదు, తలుపు కొట్టలేదు, ఎవరున్నారని పిలవలేదు. నేరుగా వచ్చి, ఊచల మధ్య నుంచి చెయ్యి దూర్చి, గొలుసు ఒక చుట్టు విప్పాడు. రెండో చుట్టు విప్పాడు. సొంతింటి గడియ తీస్తున్నంత తీరిగ్గా.

బాబాయి నీడలోంచి ఒక అడుగు ముందుకి వేశాడు, వెనకాలే ఇంకోటి.

"ఎవరు కావాలి?"

టోపీవాడి చెయ్యి ఆగింది. ఉలిక్కిపడలేదు. రెంచి వైపు చూశాడు, ముఖం వైపు చూశాడు.

"మీటరు చూడ్డానికొచ్చాం."

"మీటరు ముందు గేటు దగ్గర ఉంటుంది."

వాడు తన వాచీ చూసుకున్నాడు. ఇంకా టైముంది గదా, ఈ మనిషి ఇక్కడెందుకున్నాడు అన్నట్టు చూశాడు. తర్వాత విప్పిన గొలుసుని మళ్లీ తీసి, ఒక చుట్టు, రెండో చుట్టు, ముందెలా ఉందో అలాగే చుట్టి పెట్టాడు.

"సరే. ఇంకోసారి వస్తాం."

వ్యాను మలుపు తిరిగేలోపు బాబాయి జేబులో పెన్ను తీసి అరచేతి మీద నెంబరు రాసుకున్నాడు. అంకెలు చీమల బారులా వంకర్లు పోయాయి. రాశాక పైపు మీద కూర్చుని అంకెలు మరోసారి చూసుకున్నాడు.

బావమరిది సంతకం పెట్టి పరుగున వచ్చేసరికి ఆయన లేస్తున్నాడు. జరిగింది చెప్పి, పంపుల పైఅధికారి ఇంజనీరమ్మ దగ్గరికి పోతున్నానన్నాడు. బావమరిది చొక్కా పట్టుకున్నాడు.

"నా ఉద్యోగం పోతుంది బావా."

"పోతుంది."

"నీదీ పోతుంది."

"పోతుందిరా. వాడు రానని చెప్పి వెళ్లలేదు. ఇంకోసారి వస్తాం అన్నాడు. నేను లేని రోజు చూసుకుని వస్తాడు. అప్పుడు ఆ క్లోరిన్ గాలి నీ పిల్లల బడిని వదిలేస్తుందా?"

చొక్కా వదిలాడు. వెంట మాత్రం రాలేదు. గేటు దగ్గరే ఉండిపోయాడు, రెండు చేతులతో గొలుసు పట్టుకుని.

ఇంజనీరమ్మకి నలభై కూడా ఉండవు, బాబాయిని ఏనాడూ కూర్చోబెట్టకుండా మాట్లాడలేదు. ఇవాళ కూర్చోమనలేదు. రాసిందంతా పైకి చదవమంది. ఆయన ఎవరో దాచుకున్న కాపీ తెరిచి చదివాడు. తన రాతని తనే అంత అసహ్యంగా ఎప్పుడూ వినలేదు. 'ఎంత సహజంగా ఉంటుందో' అనే ముక్క గబగబా చదివేశాడు.

"ఈ సంగతి ఇంకా ఎవరికి తెలుసు?" అని అడిగింది.

"నలభై వేలమందికండీ" అన్నాడు.

ఆవిడ కళ్లు మూసుకుని నుదురు పట్టుకుంది. తర్వాత ఫోను అందుకుంది. పోలీసులు వచ్చారు, ఆయన ఫోను తీసుకున్నారు, అరచెయ్యి ఫొటో తీసుకున్నారు. గంటకి కబురు వచ్చింది. ఆ నెంబరు ఎనిమిదేళ్ల కిందట తుక్కుకి పోయిన బస్సుదట. మీటర్లవాళ్లెవరూ ఆ వీధికి మనుషుల్ని పంపలేదట. అప్పటిదాకా బాబాయికి ఎక్కడో మూల, నా భయమేనేమో, ఉత్తిదేనేమో అని చిన్న ఆశ ఉండేది, అదీ పోయింది.

ఇంజనీరమ్మ కాగితాల మీద సంతకాలు పెట్టింది. పొద్దుటి కాపలావాడు, బావమరిది, బాబాయి, ముగ్గురూ రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదు, విచారణ అయ్యేదాకా. సిలిండర్ల గదికి ఇద్దరు పోలీసుల్ని పెట్టారు. కొత్త తాళం, కొత్త మనుషులు ఆరింటికి గానీ రారు. అప్పటిదాకా వెనక గేటు దగ్గర మీరే నిలబడాలి, వేరే మనిషి లేడు, అంది. వ్యాను మళ్లీ కనిపిస్తే ఎవరి మొహం చూడాలో మీకొక్కరికే తెలుసు, అని కూడా అంది.

బాబాయి తిరిగొచ్చేసరికి బావమరిది అక్కడే ఉన్నాడు. చెప్పింది విన్నాడు. మా అక్కకి నువ్వే చెప్పుకో, అని మొహం తిప్పుకున్నాడు. ఇద్దరూ గేటుకి చెరోవైపు నిలబడ్డారు. నాలుగున్నరయింది, ఐదయింది. వీధిలో బడి వదిలిన పిల్లలు సంచులు ఊపుకుంటూ పోయారు. ఒక్కో బండి శబ్దానికీ ఇద్దరి తలలూ ఒకేసారి తిరుగుతున్నాయి.

ఐదూ ఇరవైకి మలుపు దగ్గర తెల్లగా ఏదో కనబడింది. వ్యానే. మెల్లగా వస్తోంది. గోడవారకి జరిగింది.

"అదేనా బావా?" అన్నాడు బావమరిది.

ఎండ అద్దం మీద పడి లోపల మొహం కనబడటం లేదు. బాబాయి కళ్లు చికిలించాడు. తెలియడం లేదురా అన్నాడు. పోలీసుల్ని కేకెయ్యమన్నాడు. బావమరిది లోపలికి తిరిగి గట్టిగా కేకేశాడు, ఆ వెంటనే ఆయన పక్కకి వచ్చి నిలబడ్డాడు, భుజానికి భుజం ఆనేలా. వ్యాను వేగం ఇంకా తగ్గింది. ఇద్దరూ గొలుసు మీద చేతులు వేసి, నెంబరు పలక కనబడే దాకా అలాగే చూస్తూ నిలబడ్డారు.