గేటాయన చెప్పిన సినిమాలు

కళ్లజోళ్ల షాపుకి జనం కళ్లజోడు కోసం వస్తారు. ఇందులో అర్థం కానిదేముంది? కానీ ఆ షాపు నడిపే కూతురు ఎన్నిసార్లు మొత్తుకున్నా తండ్రికి ఈ ముక్క తలకెక్కలేదు. పవర్ చూపించుకోవడానికి వచ్చిన మనిషి కుర్చీలో కూర్చున్నాడో లేదో, గోడవారగా బల్ల మీదున్న ముసలాయన గొంతు సవరించుకునేవాడు.

"ఏమండీ, సినిమాలు చూస్తుంటారా?"

అంతే, ఇక ఆ మనిషి ఆయనకి చిక్కినట్టే.

ఒకప్పుడు ఆయన సినిమా హాల్లో గేటు దగ్గర పనిచేశాడు. టిక్కెట్టు చింపడం, టార్చిలైటు వేసి సీటు చూపించడం, ఆట అయిపోయే వేళకి తలుపులు తీయడం. హాలు మూతపడి గోదాం అయిపోయింది, ఆయనేమో కూతురి షాపులో బల్లెక్కాడు. వీధిలో ఇప్పటికీ అందరూ ఆయన్ని గేటాయనే అంటారు. ఆ పిలుపంటే ఆయనకి ఎంత గర్వమో, అల్లుడికి అంత నవ్వు. అల్లుడు వెనక గదిలో మిషను ముందు కూర్చుని లెన్సులు అరగదీస్తుంటాడు. ఆ చప్పుడులో తనకేమీ వినపడదని చెబుతాడు గానీ, నవ్వాల్సిన చోటల్లా సరిగ్గా నవ్వుతాడు.

గేటాయన దగ్గర అన్ని రకాల సినిమాలూ ఉండేవి. వాటిని కళ్ల పవర్ని బట్టి పంచేవాడు. దూరం కనపడనివాళ్లకి యుద్ధం సినిమా. కొత్తగా కళ్లజోడు పడిన కుర్రకారుకి ప్రేమ సినిమా. రెండు కళ్లకీ రెండు పవర్లున్నవాళ్లకి డిటెక్టివ్ సినిమా, ఎందుకో ఆయనకే తెలియాలి. చత్వారం వచ్చినవాళ్లకి కుటుంబం సినిమా. "దగ్గరివి కనపడటం లేదంటే ఇంట్లోవాళ్లు కనపడటం లేదన్నమాటేగా" అని వాళ్ల మొహం మీదే అనేసేవాడు.

పోనీ, చెబితే చెప్పాడు. ఆ చెప్పేదేదో సరిగ్గా చెబితే కూతురు నెత్తీ నోరూ కొట్టుకునే పని ఉండేది కాదు. ఆయన చెప్పిన సినిమా చూసినవాళ్లు కళ్లజోడు తీసుకోవడానికి కాదు, దెబ్బలాడటానికి తిరిగొచ్చేవాళ్లు. పెళ్లి కుదిరిన బ్యాంకు గుమాస్తాకి ప్రేమ సినిమా చెప్పాడు. "చివర్లో ఇద్దరూ ఒకటవుతారు, చేసుకోబోయే పిల్లతో కలిసి చూడండి" అన్నాడు. తీరా సినిమా చివర్లో హీరోయిన్ వేరేవాడి బండెక్కి వెళ్లిపోయింది. అది చూసి గుమాస్తా చేసుకోబోయే పిల్ల ఏదో ఆలోచనలో పడిందట. పళ్ల డాక్టరమ్మకి భయం సినిమా చెప్పాడు. "దయ్యమూ లేదు గియ్యమూ లేదు, అంతా ఇంట్లో పనివాడి నాటకం. పిల్లలకి కూడా చూపించండి" అన్నాడు. దయ్యం ఉంది. ఆఖర్న తెర నిండా మొహం పెట్టి నవ్వింది కూడానట. డాక్టరమ్మ పిల్లలు ఇప్పటికీ బాత్రూముకి జంటగా వెళుతున్నారు.

డిటెక్టివ్ సినిమా చూసొచ్చిన లెక్కల మాస్టారైతే అరవలేదు, బెదిరించలేదు. అలిసిపోయినట్టు కౌంటరు మీద చేతులానించి నిలబడ్డాడు. "హంతకుడెవరో ముందే చెప్పేసే పెద్దమనుషుల్ని చూశానమ్మా. మీ నాన్నగారు వంటవాడని చెప్పారు. సరే, సస్పెన్సు పోయిందిలే అని తాపీగా చూశాను. తీరా హంతకుడు డాక్టరు. తప్పు హంతకుణ్ణి చెప్పి సినిమా పాడుచేసే మనిషిని నా జన్మలో చూడలేదు."

వెనక గదిలో మిషను ఆగింది. అల్లుడు దగ్గుతున్నట్టు నవ్వాడు.

కూతురికి ఒళ్లు మండింది. మండటంతో పాటు లోపలెక్కడో భయం కూడా వేసింది. ఈయనకి మతి తప్పుతోందేమో! ఒకరోజు అన్నం తింటూ ఉండగా ఏమీ ఎరగనట్టు ఒక పాత సినిమా సంగతెత్తింది. ఆయన హీరో చొక్కా రంగుతో మొదలుపెట్టాడు. ఎవరు ఎవరితో ఏమన్నారో, పాటలో ఎక్కడ వాన మొదలైందో, ఇంటర్వెల్ ఎక్కడ పడిందో పూసగుచ్చినట్టు చెప్పాడు. మతి నిక్షేపంగా ఉంది. "మరి చివర?" అంటే మాత్రం, "చివరేముంది, అంతా కలుస్తారు" అని చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయాడు.

ఇంతవరకూ ఏదో ఒకలా నెట్టుకొచ్చింది గానీ, ఓనరమ్మ విషయంలో మాత్రం తండ్రి కొంప ముంచేశాడు.

షాపున్న మేడ ఓనరమ్మది. ఆవిడ భర్త పోయి ఏడాది దాటింది. షాపు అగ్రీమెంటు ఈ నెలతో అయిపోతుంది. ఆ గది తనకిస్తే సెల్‌ఫోన్ల షాపు పెట్టుకుంటానని మరిది కొడుకు ఆవిడ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు. ఓనరమ్మ ఎటూ తేల్చలేదు. సోమవారం వచ్చి చెబుతానంది. గది పోతే ఆ మిషనూ, అద్దాల బీరువాలూ, పవర్ చూసే కుర్చీ తీసుకుని ఏ సందులోకి పోవాలో ఆ మొగుడూ పెళ్లాలకి తెలియదు. అందుకే ఓనరమ్మ కొత్త కళ్లజోడు తీసుకోవడానికి వచ్చిన రోజు కూతురు పొద్దున్నే తండ్రిని బతిమాలింది.

"నాన్నా, నీ కాళ్లు పట్టుకుంటాను. ఈ ఒక్క పూట నోరు కట్టేసుకో."

"నాకేం పని?" అన్నాడాయన, అలిగినట్టు.

తీరా ఓనరమ్మ కొత్త కళ్లజోడు పెట్టుకుని, గోడ మీది అక్షరాలన్నీ చదివి, "ఆయన పోయాక టీవీ వైపే చూడలేదు. ఇక చూడొచ్చేమో" అంది. మాటవరసకి అన్న మాట. గేటాయన బల్ల మీంచి లేచి నిలబడ్డాడు.

"అమ్మా, మీకో సినిమా చెబుతాను. ముసలి మొగుడూ పెళ్లాలు సముద్రం చూడ్డానికి రైలెక్కుతారు. పెట్టె తాళంచెవి కోసం కొట్టుకుంటారు, కిటికీ సీటు కోసం కొట్టుకుంటారు. నవ్వలేక చస్తారు. మీరు చూసి తీరాలి."

కూతురు పళ్లు నూరుకుంది. ఓనరమ్మ మాత్రం చిన్నగా నవ్వి, సినిమా పేరు రాయించుకుని వెళ్లింది.

ఆదివారం పొద్దున ఫోను చేసింది. ఆ గొంతులో నవ్వు లేదు.

"మీ నాన్న చెప్పిన సినిమా పెట్టుకున్నానమ్మా. రేపు షాపుకొస్తాను. ఆయన్ని కూడా ఉండమను."

కూతురు ఫోను పెట్టేసి తండ్రి మీద విరుచుకుపడింది. "ఏం చెప్పావు ఆవిడకి? ఏముంది ఆ సినిమాలో?"

"ముసలాళ్లు సముద్రం చూస్తారు."

"చూస్తే ఆవిడ అంత చల్లగా ఎందుకు మాట్లాడుతుంది? పద, కూర్చో. ఈ రోజు ఆ సినిమా నువ్వూ నేనూ కలిసి చూస్తున్నాం."

మధ్యాహ్నం షాపు మూసి ఉంది. గోడకున్న చిన్న టీవీలో సినిమా పెట్టి, తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆయన చెప్పింది నిజమే. తాళంచెవి దగ్గర ఆమెకి కూడా నవ్వాగలేదు, కోపంగా ఉండి కూడా. ఆయన ప్రతి మాటా ముందే అంటుంటే రెండుసార్లు మోచేత్తో పొడిచింది. కథ చివరికొచ్చింది. ముసలమ్మ మొగుడి భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ముసలాయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

గేటాయన లేచాడు. తిన్నగా షాపు తలుపు దగ్గరికి నడిచి, గడియ తీసి, రెక్క బార్లా తెరిచి, పక్కకి ఒదిగి నిలబడ్డాడు. వీధి ఎండంతా లోపలికొచ్చింది.

"ఏంటి నాన్నా అది?"

"జనం బయటికొస్తారు కదమ్మా" అన్నాడాయన. అన్నాక చుట్టూ చూసుకున్నాడు. చెయ్యి ఇంకా గడియ మీదే ఉంది.

కూతురు రిమోటు నొక్కి సినిమా ఆపేసింది. ఇంట్లో ఏ సినిమా పెట్టినా ఈయన ఆఖర్న మంచినీళ్లకో, కుక్కని తోలడానికో లేచిపోవడం ఆమె చిన్నప్పట్నుంచీ చూస్తోంది. చూసిన సినిమానే కదా, విసుగేమో అనుకునేది. ఇప్పుడు బ్యాంకు గుమాస్తా, దయ్యం, వంటవాడు, అందరూ వరసగా కళ్లముందు కదిలారు.

"నాన్నా, నువ్వు ఒక్క సినిమా అయినా చివరిదాకా చూశావా?"

ఆయన గడియ మీంచి చెయ్యి తీశాడు. తర్వాత గొణిగాడు. "ఎలా చూస్తానమ్మా? ఆట ఇంకా అవుతుండగానే తలుపుల దగ్గరికి పోవాలి. అన్ని తలుపులూ తీయాలి, తర్వాతి ఆటకొచ్చిన జనాన్ని ఆపాలి. శుభం కార్డు పడేసరికి నేను బయట ఉండాలి. అదీ ఉద్యోగం."

"ఎవర్నయినా అడగొచ్చుగా!"

"గేటు దగ్గర పనిచేసేవాడు సినిమా చివరేమైందని జనాన్ని అడుగుతాడా? పరువు పోదూ?" అన్నాడాయన. గొంతులో ఆ పాత గర్వం కాస్త మిగిలే ఉంది. "నేను మొహాలు చూసేవాణ్ణి. బయటికొచ్చేవాళ్ల మొహాలు చూసి చివర బాగుందో లేదో చెప్పేసేవాణ్ణి. ఈ సినిమాకి మొగుడూ పెళ్లాలు చేతులు పట్టుకుని వచ్చేవాళ్లు. రోజూ కొట్టుకునే మా క్యాంటీనాయన కూడా పెళ్లాం చెయ్యి పట్టుకుని వచ్చాడు. అట్లా వచ్చారంటే చివర మంచిదే అయ్యుంటుంది కదా!"

ఆమెకి ఏడవాలో, ఆ రిమోటు నేలకేసి కొట్టాలో తెలియలేదు. ఇన్నేళ్లుగా వీధి వీధంతటికీ సగం సినిమాలు పంచిపెట్టాడీయన. తలుపు మూసి, ఆయన రెక్క పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టి, లేవకుండా చొక్కా అంచు గుప్పిట్లో పట్టుకుని, సినిమా మళ్లీ నడిపించింది.

రైలు మలుపు తిరిగింది. కిటికీ నిండా సముద్రం. ముసలమ్మ లేచి, "ఏమండోయ్, వచ్చేసింది, లేవండి" అంది. ఆయన లేవలేదు. ఆవిడ ఇంకోసారి కుదిపి చూసింది. ఏడవలేదు. ఆయన జేబులోంచి కళ్లజోడు తీసి, తన కొంగుతో తుడిచి, ఆయనకి పెట్టింది. తర్వాత ఆయన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, సముద్రం ఎలా ఉందో ఆయనకి చెప్పడం మొదలుపెట్టింది. శుభం కార్డు పడింది.

"పోయాడా?" అన్నాడు గేటాయన. ఎన్నో ఏళ్ల స్నేహితుడి సంగతి ఇప్పుడే తెలిసినట్టు ఆయన మొహం పాలిపోయింది. "నేను ఎంతమందికి చెప్పానమ్మా, హాయిగా తిరిగొస్తారని!"

మొగుడు పోయిన మనిషికి చెప్పాల్సిన సినిమానా ఇది! కూతురు తల పట్టుకుంది. వెనక గదిలోంచి వచ్చిన అల్లుడు ఈసారి నవ్వలేదు. "సామాను సర్దుకోవడం ఈ రోజే మొదలుపెడదామా?" అన్నాడు.

సోమవారం ఓనరమ్మ వచ్చింది. కూతురు కుర్చీ వేసింది. ఆవిడ కూర్చుని, కొత్త కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"అన్నయ్యగారూ, మీ సినిమా పూర్తిగా చూడలేకపోయాను. ఆ ముసలాయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు చూడండి, అక్కడ ఆపేశాను. రెండు రోజులుగా మళ్లీ పెట్టడానికి ధైర్యం రావడం లేదు. మీరు చూశారుగా, చెప్పండి. ఆయన సముద్రం చూస్తాడా?"

కూతురికి పోయిన ప్రాణం లేచొచ్చింది. చూడలేదు! ఆవిడ చివర చూడలేదు! ఓనరమ్మ వెనక నిలబడి తండ్రికి కళ్లతో, చేతుల్తో, తలకాయతో సైగలు చేసింది. చూస్తాడని చెప్పు. నీ జన్మంతా అదే చెప్పావుగా, ఇంకొక్కసారి చెప్పు.

గేటాయన కూతుర్ని చూశాడు, ఓనరమ్మని చూశాడు. "చూడడమ్మా. పోతాడు" అన్నాడు. "నాకూ నిన్ననే తెలిసింది. నేనెప్పుడూ చివర చూడలేదు. తెలియకుండా చెప్పాను, తప్పయిపోయింది."

అయిపోయింది. కూతురు కౌంటరుకి ఆనుకుని కళ్లు మూసుకుంది. వెనక గదిలో మిషను చప్పుడు కూడా ఆగిపోయింది.

ఓనరమ్మ ఒళ్లోని కళ్లజోడు చేతిలోకి తీసుకుంది.

"మా ఆయన ఆసుపత్రిలో ఉన్న ఆఖరి పూట నన్ను బయట కూర్చోబెట్టారు" అంది, నేల వైపు చూస్తూ. "మా మరిది, వాళ్లబ్బాయి, అందరూ వచ్చి బాగానే ఉన్నాడు, నువ్వు టీ తాగు అన్నారు. నేను టీ తాగుతూ కూర్చున్నాను. లోపలేమైందో నాకిప్పటికీ ఎవరూ సరిగ్గా చెప్పలేదు. అడిగితే, ఇప్పుడవన్నీ ఎందుకంటారు." కళ్లజోడు పెట్టుకుంది. "ఆ మిగిలిన ముక్క పెట్టమ్మా. ఇంట్లో ఒక్కదాన్నే చూడలేను, ఇక్కడ చూస్తాను."

కూతురు టీవీ పెట్టింది. ముసలాయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకోగానే గేటాయన అలవాటు కొద్దీ లేవబోయాడు.

"కూర్చోండి అన్నయ్యగారూ" అంది ఓనరమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండా.

ఆయన కూర్చున్నాడు. ముసలమ్మ సముద్రం గురించి చెబుతున్నంతసేపూ ఓనరమ్మ ఏడ్చింది, గొంతు దాచుకోకుండా, ఎవరేమనుకుంటారో అని చూడకుండా. కూతురు ఆవిడ పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. ఆ నిమిషంలో ఆమెకి షాపు గది సంగతే గుర్తు లేదు.

శుభం కార్డు పడ్డాక ఓనరమ్మ మొహం కడుక్కుని వచ్చింది. "రేపు అగ్రీమెంటు కాగితాలు ఇంటికి పట్టుకురా అమ్మా. మా మరిది కొడుక్కి నేను చెప్పుకుంటాను" అని కూతురితో అంది. గేటాయన అప్పటికే వెళ్లి తలుపు తీసి, పక్కకి ఒదిగి నిలబడ్డాడు. ఆవిడ గడప దాటుతుంటే ఆవిడ మొహంలోకి చూశాడు, హాలు దగ్గర చూసినట్టే.

ఓనరమ్మ ఆగింది. "ఇంకో సినిమా చెప్పండి అన్నయ్యగారూ. ఈసారి మీరు చివరిదాకా చూసింది."

"అలాంటిది ఇదొక్కటేనమ్మా" అన్నాడు గేటాయన.