తొంభై పిప్పర్మెంట్లు

మా మేడం బీపీ మాత్రలు సరిగ్గా వేసుకోవడం లేదని నా అనుమానం. రీడింగు చూస్తేనే తెలిసిపోతోంది. అడిగితే మాత్రం "వేసుకుంటున్నానమ్మా, ఒక్కటీ మానలేదు" అంటారు, పుస్తకంలోంచి కళ్ళెత్తకుండా. నాకసలే ముక్కుమీద కోపం. "మీరే ఇలా చేస్తే ఇంక పేషెంట్లకి ఏ మొహం పెట్టుకుని చెప్పమంటారు?" అని గట్టిగా అరిచేదాన్ని. ఆవిడ తాపీగా పేజీ తిప్పేవారు.

మానసిక రోగాలకు మందులెలా వాడాలో ముప్పై ఏళ్ళుగా నేర్పుతున్న మనిషి ఆవిడ. మా ఆస్పత్రిలో సైకియాట్రిస్టులందరం, మా హెడ్డుగారితో సహా, ఆవిడ చేతికింద తయారైనవాళ్ళమే. ఈ నెలాఖరుకి రిటైరవుతున్నారు. ఇన్నాళ్ళకి డాక్టర్ల సంఘానికి మెలకువ వచ్చి, ఆ సబ్జెక్టులో ఉత్తమ గురువు అవార్డు ఆవిడకి ప్రకటించింది. సభలో పాత విద్యార్థి ఒకరు మాట్లాడాలట. హెడ్డుగారు ఇంకెవర్నీ అడగనైనా లేదు.

"నువ్వే మాట్లాడాలి. ఆ పిప్పర్మెంట్ల పరీక్షలో నిజం చెప్పి మెప్పు పొందింది నువ్వేగా!"

సరేనని వచ్చేశాను గాని, ఆ మాట నన్ను గుచ్చుతూనే ఉంది.

ఆ పరీక్ష సంగతి చెప్పాలి. మొదటి ఏడాది వాళ్ళకి మేడం తలా ఒక మూతడబ్బా ఇస్తారు. దాన్నిండా పిప్పర్మెంట్ బిళ్ళలు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి, ఇరవై ఎనిమిది రోజులు తినాలి. "మీ పేషెంట్ల చేత ఏళ్ళ తరబడి మింగించబోతున్నారు కదా, నెల్లాళ్ళు మీరూ మింగి చూడండి" అంటారు. ఆఖరిరోజు సాయంత్రం డబ్బా పట్టుకుని ఒక్కొక్కరే ఆవిడ గదిలోకి వెళ్ళాలి. లోపల ఏం జరిగిందో బయటికొచ్చి ఎవరూ చెప్పరు.

నా విషయంలో జరిగింది ఇదీ. వారం తిరక్కుండానే మరిచిపోవడం మొదలుపెట్టాను. ఆఖరిరోజు చూస్తే డబ్బాలో ముప్పైకి పైనే మిగిలాయి. లిఫ్టు పక్కనున్న చెత్తబుట్టలో ఒంపేసి, ఖాళీ డబ్బా తీసుకెళ్ళి ఆవిడ బల్లమీద పెట్టాను.

"అన్నీ వేసుకున్నాను మేడం."

"మంచిదమ్మా. రోజుకి మూడు చొప్పున ఎనభై నాలుగు అవుతాయి. నేను వేసింది తొంభై. మరి ఆ ఆరూ ఏవి?"

పిప్పర్మెంట్లు ఎవరు లెక్కపెడతారు చెప్పండి! ఆవిడ కోప్పడతారనుకున్నాను, కుర్చీ చూపించారు.

"తిడతానని భయపడ్డావు కదూ? పేషెంటూ అంతే. డాక్టరు మొహం చూసి అబద్ధమాడతాడు. అది నమ్మి, మందు పనిచెయ్యట్లేదనుకుని మనం డోసు పెంచేస్తాం. ముందు మొహం సరిచేసుకో, మందు తర్వాత రాద్దువుగాని."

బయట మా బ్యాచంతా కాచుకుని ఉంది. నా నోరు ఊరుకుంటుందా? "పందొమ్మిదే మిగిలాయని ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను, ఎంత మెచ్చుకున్నారో!" అని కోసేశాను. పదకొండేళ్ళలో ఆ కోతకి కొమ్మలూ రెమ్మలూ వచ్చాయి. నా దగ్గర చదివే పిల్లలకి కూడా దాన్నే నీతిపాఠంలా చెబుతూ వచ్చాను. అది మేడం చెవిన పడకుండా ఉంటుందా? అయినా ఆవిడ ఒక్కసారీ కాదనలేదు. అదే నన్ను ఎక్కువగా తినేస్తోంది.

సభరోజు మధ్యాహ్నం ఆడిటోరియం నిండిపోయింది. రెండో వరసలో నా విద్యార్థులు, నన్ను చూసి చెయ్యూపుతూ. వేదిక మీద మేడం, ఎప్పటిలాగే కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని. నా జేబులో రెండు కాగితాలున్నాయి. ఒకదాంట్లో ఆ పాత కోతే, అందంగా రాసుకున్నది. చదివేస్తే నా పరువు నిలబడుతుంది. కానీ అదంతా ఆవిడ ముందు నిలబడి ఎలా చదవను? రెండో కాగితం తీశాను.

"నేను ఆ పరీక్షలో నిజం చెప్పలేదు. బిళ్ళలు చెత్తబుట్టలో పారబోసి, అన్నీ తిన్నానని మేడం మొహమ్మీదే బుకాయించాను. దొరికిపోయాను కూడా. ఇన్నేళ్ళూ మీ అందరికీ చెప్పింది అబద్ధం."

నా పిల్లల వైపు చూసే ధైర్యం లేక మైకు వైపే చూస్తున్నాను. చెవులు భగభగ మండుతున్నాయి.

ముందు వరసలో కుర్చీ కిర్రుమంది. హెడ్డుగారు లేచారు.

"నేను కిటికీలోంచి పారబోశాను" అన్నారు, బడిపిల్లాడిలా. "దొరికింది నేనొక్కణ్ణే అనుకున్నాను."

"నేను మా తమ్ముడికి పెట్టేశాను" అంది వెనకనించి ఒక గొంతు. "నన్నొక్కదాన్నే పట్టుకున్నారనుకున్నా!"

ఇంక ఒకరి తర్వాత ఒకరు. నెరిసిన తలలు, బట్టతలలు, పక్క ఊళ్ళ ఆస్పత్రులనుంచి వచ్చినవాళ్ళు. ముప్పై ఏళ్ళపాటు ఇంతమంది అబద్ధాలు ఆవిడ గుప్పిట్లోనే ఉండిపోయాయి. ఒక్కరి పరువూ ఆ గది దాటి బయటికి రాలేదు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి.

మేడం షీల్డు చంకలో పెట్టుకుని మైకు దగ్గరికొచ్చారు. "ముప్పై ఏళ్ళు దాచుకున్న పరీక్షని ఈ పిల్ల అయిదు నిమిషాల్లో చెడగొట్టేసింది. నిజం చెప్పినవాడు ఒక్కడే ఉన్నాడు లెండి, డబ్బా నిండుగా అలాగే తెచ్చిచ్చాడు. వాడికి పిప్పర్మెంటు పడదు."

హాలు గొల్లుమంది.

సభయ్యాక ఆవిడ గదికి వెళ్ళి బీపీ చూశాను. ఇంకా పెరిగింది. అరవడానికి నోరు తెరిచి, చటుక్కున ఆగాను. ఆవిడ చూపు నా మొహం మీద ఉంది. ఎవరి దగ్గర నేర్చుకున్నానో ఆవిడ చేతే ఇన్నాళ్ళూ అబద్ధాలాడించింది ఈ మొహమే. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను.

"మేడం, ఆ మాత్ర వేసుకుంటే ఏమైనా ఇబ్బందిగా ఉంటోందా?"

ఆవిడ సొరుగు లాగి మాత్రల అట్ట తీసి నా ముందు పెట్టారు. సగానికి పైగా అలాగే ఉంది.

"పొడిదగ్గమ్మా. క్లాసున్న రోజుల్లో మానేస్తున్నాను. దగ్గుకుంటూ ఏం పాఠం చెప్పను?"

"ఆ రకం మందుతో కొందరికి దగ్గు వస్తుంది. మీకు నేను చెప్పేదేముంది? మార్పించుకుందాం."

"నాకూ తెలుసు. అంతమందికి చెప్పి, నేనే మానేశానని ఆ మందు రాసిన ఫిజీషియన్ దగ్గర ఒప్పుకోవాలంటే చిన్నతనంగా ఉంది." అట్టని వేళ్ళతో అటూ ఇటూ తిప్పారు. "రేపు నాకు తోడు వస్తావా?"

ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను సాయమడగడం అదే మొదటిసారి. వస్తానని తలూపి, ఆ అట్ట జాగ్రత్తగా నా బ్యాగులో పెట్టుకున్నాను.