తెల్లబడని కుర్చీ

ఆదివారం మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక, ప్లేట్లు తీస్తూ ఆమె కుర్చీల వంక చూసింది. మూడు తెల్లబడ్డాయి. నాలుగోది ఇవాళ కూడా నీలంగానే ఉంది.

బట్టల కంపెనీలో కొత్త శాంపిళ్ళు తయారుచెయ్యడం ఆమె ఉద్యోగం. చాన్నాళ్ళుగా ఈ కుర్చీ తొడుగుల మీదే ప్రాణం పెట్టుకుంది. పైన వేడికి రంగు మారే బట్ట, అడుగున కరెంటు పారే దారంతో కుట్టు, ఓ మూల చిన్న బ్యాటరీ. మనిషి బరువు పడితే దారాలు ఒకదానికొకటి తగులుతాయి, బట్ట మెల్లగా వెచ్చబడుతుంది, నీలం పోయి తెలుపొస్తుంది; మనిషి లేచాక చల్లారితే మళ్ళీ నీలం. చలికి నడుము పట్టేసేవాళ్ళకి హాయిగా ఉంటుందని ఆమె ఆలోచన. రేపు పొద్దున్నే అవి కంపెనీ పెద్దల ముందు పెట్టాలి. "ఇంటి పనుల మధ్య ఇది నీవల్ల అవుతుందంటావా అమ్మా? ఒక్కటి మొరాయించినా వేరేవాళ్ళకి ఇచ్చేస్తా," అని మేనేజరు ముందే అన్నాడు. ఆ 'అమ్మా'లో గౌరవం ఎంతో ఆమెకి తెలియదా ఏమిటి!

పరీక్షకని ఇంట్లో తొడిగిన రోజున "కుర్చీలకి కూడా బట్టలు కట్టావా అమ్మాయ్?" అని అత్తగారు నవ్వింది. "ఇంట్లో పని చాలదని ఆఫీసు పని కూడా తెచ్చిపెట్టావా?" అని భర్త విసుక్కున్నాడు. విసుక్కుంటూనే తీరిగ్గా చేరబడ్డాడు. అందరికంటే ముందు తెల్లబడింది ఆయన కుర్చీయే.

"నీ కుర్చీ పాడైపోయిందమ్మా," అంటూ ఇప్పుడు కూతురు చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది. దీనికేం రోగం? బ్యాటరీ మార్చింది కదా! కుట్లన్నీ విప్పి మళ్ళీ కుట్టింది కదా! రంగులోనే పాళ్ళు తప్పాయా? అదే అయితే ఇంక చేసేదేముంది, రేపు అందరి ముందూ తలదించుకోవడమే. ఏడుపు తన్నుకొచ్చింది. "నీకేం అన్యాయం చేశానే?" అని దానిమీద రెండు చేతులూ ఆనించి, ఒంట్లో బరువంతా వేసి వంగిపోయింది.

కాసేపటికి చేతుల కింద వెచ్చగా తగిలింది. తీసి చూస్తే నీలం బట్ట మీద రెండు అరచేతుల అచ్చులు, వేళ్ళతో సహా, తెల్లగా.

హమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే ఒళ్ళు చల్లబడింది. బట్టలో లోపం లేకపోతే మరి ఇన్ని రోజులూ? ఇందాక తనూ కూర్చుందిగా. కూర్చోగానే "ఉప్పు తక్కువైందోయ్" అన్నాడు ఆయన. లేచింది. మళ్ళీ కూర్చుంటే "అమ్మాయ్, నా మాత్రలు" అంది అత్తగారు. ఆ తర్వాత మంచినీళ్ళు. ఆఖరి ముద్ద పొయ్యి దగ్గర నిలబడే తింది. నిన్నా అంతే, మొన్నా అంతే. ఆ బట్ట రోజూ నిజమే చెబుతుంటే, తను దాని కుట్లు విప్పుకుంటూ కూర్చుంది. కాదు, అది కూడా నిలబడే చేసింది.

"ఏమోయ్, టీ అవుతుందా?" హాల్లోంచి భర్త కేక.

అలవాటుగా కాళ్ళు వంటింటివైపు కదిలాయి. ఆగింది. వెనక్కి వచ్చి, తన కుర్చీలో పూర్తిగా వెనక్కి జరిగి కూర్చుంది.

"టీ ఏమైందీ?"

కింద బట్ట అప్పుడే వెచ్చబడుతోంది.

"మీరు పెట్టుకోండి," అంది. "నేను కూర్చున్నాను."