తొమ్మిదింటి ఝరోకా

ఆ కోవిడ్ డిసెంబరులో, జర్మనీలోని ఆకెన్‌లో బయటికి వెళ్ళే పని లేక, రోజంతా షాజహాన్‌ను చూస్తూ కూర్చునేదాన్ని. ఒక మ్యూజియంలోని మొఘల్ చిత్రాలకు వివరాలు రాయడం నా పార్ట్‌టైమ్ పని. లాప్‌టాప్‌లో బొమ్మను పెద్దది చేసుకుంటూ పోతే, ముత్యాల దండలో ఒక్కో ముత్యానికి ఒక్కో వెలుగు. పాతికేళ్ళ రాకుమారుడు, సింహాసనం మీద పాదుషా, గడ్డం నెరిసిన ముసలాయన. ఎన్నేళ్ళు గడిచినా ముఖం పక్కకే ఉండేది. ఒక్క కన్నే కనిపించేది.

నాకు బాగా నచ్చింది ఝరోకా బొమ్మ. కోటగోడలో చిన్న కిటికీ. రోజూ పొద్దున్నే పాదుషా అందులో కనిపించాలి. కింద నిలబడ్డ జనం చూసి, ఉన్నాడులే అనుకుని పనులకు పోతారు. ఒకసారి జబ్బుచేసి కొన్నాళ్ళు రాలేదట. పోయాడని పుకారు పాకింది. తరవాత వచ్చి నిలబడినా చాలామంది నమ్మలేదు. కొడుకులు అప్పటికే కత్తులు తీశారు.

మా హాస్టల్ పెరటికి అవతల, నా కిటికీకి ఎదురుగా నా స్నేహితురాలు అబిగెయిల్ గది. ఆమెకు కోవిడ్ వచ్చి ఆరు రోజులు. గుమ్మం ముందు మిరియాల చారు పెట్టి, లోపల దగ్గు వినిపించాక వచ్చేసేదాన్ని.

ఏడో రోజు పొద్దున తొమ్మిదవుతుండగా వాళ్ళమ్మ ఏసుకుమారి గారు కాకినాడ నుంచి ఫోన్ చేశారు. ఆవిడ నర్సు.

"ప్రవీణా, నిజం చెప్పమ్మా. ఆకెన్‌లో మన తెలుగమ్మాయి పోయిందని గ్రూపులో పెట్టారు. మా పిల్లేనా?"

"అయ్యో, కాదాంటీ! ఇందాకే మెసేజ్ పెట్టింది."

"మెసేజ్ ఎవరైనా పెడతారు. ఫోటో అడిగితే పోయిన క్రిస్మస్‌ది పంపింది. కోవిడ్ వార్డులో రోజూ ఇలాంటి అబద్ధాలు చెప్పేది నేనే తల్లీ. నాకు చెప్పకు."

ఆవిణ్ణి హోల్డ్‌లో పెట్టి, లాప్‌టాప్ నుంచి అబిగెయిల్‌కు కాల్ చేశాను.

"అమ్మకి వీడియోలో కనపడవే."

"గొంతు లేదే," అంది గుసగుసగా. "నా మొహం చూస్తే అమ్మ డ్యూటీలోనే కూలబడిపోద్ది. తగ్గాక చూపిస్తాలే."

"అప్పటికి నమ్మరు. షాజహాన్‌కి అదే అయింది."

"మొదలెట్టావా నీ ముసలాయన గోల!"

"కిటికీ దగ్గరికి రా, చాలు. అంత దూరానికి మొహం తెలీదు. ఉన్నావని తెలుస్తుంది."

ఫోన్‌లో వీడియో పెట్టి, కెమెరా పెరటివైపు తిప్పాను. సన్నగా మంచు పడుతోంది. నా కిటికీ అద్దంలో లాప్‌టాప్ వెలుగు పడి, బొమ్మలోని పాదుషా కిటికీ అబిగెయిల్ కిటికీ మీదే తేలుతోంది. అక్కడ తెర కదల్లేదు. ఫోన్‌లో ఏసుకుమారి గారి ప్రార్థన సన్నగా వినిపిస్తోంది.

తెర కదిలింది. ఎర్ర దుప్పటి కప్పుకుని అబిగెయిల్ నిలబడింది. దగ్గొచ్చి పక్కకు తిరిగింది. ఒక చెంప, ఒక కన్ను. బొమ్మల్లో పాదుషా గులాబీ పట్టుకున్నట్టు కుడిచేతిలో చారు గ్లాసు. ఎడమచెయ్యి ఎత్తి ఊపింది.

"ఎడమచెయ్యి!" అన్నారు ఏసుకుమారి గారు. "ఎన్ని తన్నులు తిన్నా మానలేదు... అదే. అది మా పిల్లే." చాలాసేపు ఏడ్చారు. తరవాత, "రేపు కూడా తొమ్మిదింటికి రమ్మనమ్మా," అన్నారు.

మర్నాడు తొమ్మిదికి ముందే ఫోన్ మోగింది. కెమెరా పెరటివైపు తిప్పాను. అవతలి కిటికీకి తెర అప్పటికే తీసి ఉంది.