టిఫిన్ డబ్బాకు కట్టిన కండువా

మా ఇంట్లో పార్టీలన్నీ చివరికి చేరేది నా పొయ్యి దగ్గరికే. మా ఆయన హరికిషన్ మెడలో ఊరేగిన కండువాతో నేను అన్నం గిన్నె దించుతాను. నాయకులు గద్దె దిగినా దిగకపోయినా, వాళ్ళ గుడ్డతో మా గిన్నె మాత్రం దిగుతుంది. అల్వాల్‌లో మా వీధంతా అంతే. పాత కండువా అంటే కొత్త మసిగుడ్డ.

ఆ సోమవారం తొందరలో అలాంటి కండువాలోనే టిఫిన్ డబ్బా మూటగట్టుకుని సైనిక్‌పురిలో బడికి వెళ్ళాను. పదకొండేళ్ళుగా నేను తెలుగు చెబుతున్న బడి. స్టాఫ్‌రూంలో మూట విప్పుతుంటే కరస్పాండెంట్ చూశాడు. పేరు దయాకర్, దయ కరువు. ఆయనది ఎదుటి పార్టీ. పులిహోర కనబడలేదు, గుడ్డ మీద గుర్తు కనబడింది.

"ఊర్మిళ మేడమ్, బడిలకు ప్రచారం దెచ్చిండ్రా? రేపటిసంది రావొద్దు."

పక్కింటి లాయరు కామాక్షిగారిని అడిగాను. "వివక్ష వద్దని రాజ్యాంగం చెప్పిన జాబితాలో మతం, కులం, ఆడామగా, పుట్టిన ఊరు ఉన్నాయండీ. రాజకీయ అభిప్రాయమని పేరుపెట్టి లేదు. పైగా మీది ప్రైవేటు బడి ఆయె" అన్నారావిడ.

మతం ఉంది, అభిమతం లేదు. నాకు నవ్వొచ్చింది, ఆ జాబితా మా ఇంట్లోనే రాసినట్టుంది. పద్దెనిమిదేళ్ళుగా ప్రతి పోలింగుకూ మా ఆయన నా చేతిలో స్లిప్పు పెట్టి, "ఏ బటనో యాదుంది గదా?" అంటాడు. టీవీ చర్చ మీద నేను నోరు విప్పితే, "నువ్వు చాయ్ సంగతి జూడు" అంటాడు. అత్తమ్మ వంత పాడుతుంది: "ఆడోళ్ళకు గీ పంచాది ఎందుకు బిడ్డా." తీరా ఉద్యోగం ఊడింది నా అభిప్రాయానికా అంటే, అదీ కాదు, ఆయనదానికి. దండ ఆయనకు, దండన నాకు.

రాజీ కూడా ఆయనే తెచ్చాడు. నేను చపాతీ పిండి కలుపుతుంటే టైపు చేయించిన కాగితం పక్కన పెట్టాడు. "దయాకర్ సార్‌తోని మాట్లాడిన. సంతకం బెట్టు, ఎల్లుండిసంది పోవచ్చు."

చదివాను. 'ఆ కండువా నా భర్తది. నాకు ఎలాంటి రాజకీయ అభిప్రాయమూ లేదు.'

"మొదటి మాట నిజం" అన్నాను.

"రెండోది సుత నిజమే గదా. పరేషాన్ చెయ్యకు, పెట్టు."

చేతులు కడుక్కుని ఆ కండువాతోనే తుడుచుకున్నాను. రెండో వాక్యం కొట్టేసి, కింద నా చేత్తో రాసి, సంతకం పెట్టి ఆయనకే ఇచ్చాను, తీసుకెళ్ళి ఇవ్వమని.

'నాకు అభిప్రాయం ఉంది. పద్దెనిమిదేళ్ళుగా ఈయన చెప్పిన బటన్ ఒక్కసారి కూడా నొక్కలేదు. ఏది నొక్కానో మీకూ చెప్పను.'